చేపల గంప దాటిపోయినా పర్వాలేదు

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. రాజమండ్రిలో హైస్కూల్ టీచర్ని, ఇద్దరు పిల్లలు. నిరుడు హెల్త్ చెకప్‌లో షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. అప్పటినుంచి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడుస్తున్నాను. నెల కిందట పరుగు మొదలుపెట్టాను. రోజూ వెళ్తున్నాను గానీ మూడొందల మీటర్లు దాటకుండానే ఊపిరి అందదు, డొక్కలో పోటు వస్తుంది. రెండో వారం నుంచి మోకాళ్ళ కింద ముందువైపు ఎముక పొడవునా నొప్పి. పక్కింటివాళ్ళు "ఎవరు తరుముతున్నారు టీచర్ గారూ?" అని నవ్వుతారు. ఈ వయసులో మోకాళ్ళు అరిగిపోతాయని మా అత్తయ్య గారు రోజూ హెచ్చరిస్తారు. గ్రౌండ్‌లో కుర్రాళ్ళు నన్ను దాటుకుంటూ పోతుంటే సిగ్గేస్తుంది. ఇది చాలదన్నట్టు రెండు నెలల్లో ఏదో 10కె రన్ (పది కిలోమీటర్ల పరుగు) ఉందట, పేర్లు ఇచ్చేద్దాం అని తోటి టీచర్ ఒకటే గొడవ. నా ఒళ్ళు పరుగుకి పనికిరాదేమో అనిపిస్తోంది. మానేయమంటారా?

టీచర్ గారూ,

మానేయకండి. కాకపోతే ఇప్పుడు మీరు పరిగెడుతున్న తీరు మాత్రం రేపటినుంచే మానేయండి.

మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, ఒక్క వేగం సంగతి లేదు. రాయకపోయినా తెలుస్తూనే ఉంది. ఏడాదిగా నడుస్తున్న మనిషికి మూడొందల మీటర్లకే ఊపిరి ఆడలేదంటే, తప్పు ఊపిరితిత్తులది కాదు, వేగానిది. మనలో చాలామందికి పరుగు అనగానే గుర్తొచ్చేది ఒక్కటే. బడిలో ఆటల పోటీల రోజున విజిల్ వినగానే పళ్ళు బిగించి ఉరికిన ఉరుకు. ఆ తర్వాత పాతికేళ్ళు బస్సు కోసం తప్ప పరిగెత్తి ఎరగం. నలభై దాటాక మళ్ళీ మొదలుపెడితే కాళ్ళకి గుర్తున్నది ఆ ఉరుకే. దాన్నే బయటికి తీస్తాయి.

నేనూ అలాగే తీశాను. 46 ఏళ్ళప్పుడు, విశాఖ బీచ్ రోడ్డులో. తెల్లవారుజామున అక్కడ బళ్ళు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్ళదే. ఒక దీపస్తంభం దగ్గర బయల్దేరి మూడో స్తంభం దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పడం, చుట్టూ ఎవరైనా చూశారేమోనని సముద్రం వైపు తిరిగి నిలబడడం. వారం రోజులు ఇదే వ్యాయామం. మా మరిది చూసి, "వదినా, మాట్లాడుతూ వెళ్ళగలిగినంత మెల్లగా పరిగెత్తు" అన్నాడు. మర్నాడు నిజంగానే అంత మెల్లగా వెళ్ళాను. ఎంత మెల్లగా అంటే, జాలరిపేట వైపు నుంచి నెత్తిన చేపల గంపతో నడిచొస్తున్న ఒకామె నన్ను దాటిపోయింది. నాలుగడుగులు ముందుకెళ్ళి ఆగి, "ఏటమ్మా, కాలు బెణికిందేటి?" అంది. "లేదమ్మా, పరిగెడుతున్నాను" అన్నాను. ఎగాదిగా చూసి, "ఓలమ్మో!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆవేళే మొదటిసారి ఎక్కడా ఆగకుండా పది నిమిషాలు పరిగెత్తాను.

మీరు టీచరు కాబట్టి మీకు సరిపోయే కొలమానం ఒకటి చెప్తాను. పరిగెడుతూ ఆటవెలది పద్యం ఏదైనా పైకి చెప్పుకోండి. ఒక పాదం ఒక ఊపిరిలో వస్తే మీ వేగం సరిగ్గా ఉన్నట్టు. పాదం మధ్యలో గాలి పీల్చాల్సి వస్తే ఎక్కువైనట్టు. పద్యాన్ని రాగం తీసి పాడగలుగుతున్నారంటే ఇంకాస్త కదలొచ్చు. చేతికి వాచీ, ఫోన్లో యాప్ ఏమీ అక్కర్లేదు. పక్కవాళ్ళు వింటారనుకుంటే మనసులో కాదు, గొణగండి. మనసులో చెప్పుకుంటే ఎంత ఆయాసంలోనైనా పద్యం పూర్తవుతుంది, అందుకు.

మొదటి రెండు మూడు నిమిషాలు ఎంత మెల్లగా వెళ్ళినా కష్టంగానే ఉంటుంది. కండరాలు అడుగు వేసిన క్షణం నుంచే ఎక్కువ ప్రాణవాయువు అడుగుతాయి. గుండె, ఊపిరితిత్తులు ఆ లెక్క అందుకోవడానికి కాస్త టైం పడుతుంది. ఈలోగా మీరు ఉరికితే అప్పు పెరిగిపోయి, తీర్చడానికి ఆగక తప్పదు. నాకు తెలిసినవాళ్ళలో సగంమంది పరుగు మానేసింది ఈ మూడు నిమిషాల్లోనే. నాలుగో నిమిషం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియనే తెలియదు. డొక్కలో పోటు కూడా చాలాసార్లు ఈ తొందర వల్లే. కడుపు నిండా తిని, తాగి బయల్దేరినా వస్తుంది. వచ్చినప్పుడు నడకలోకి దిగి, పొడుస్తున్న చోట చేత్తో నొక్కి పట్టుకుని, నిదానంగా గాలి వదలండి. పోతుంది.

ఇక ఎంతసేపు, ఎన్ని రోజులు అన్నది. 1996లో జోష్ క్లార్క్ అనే పాతికేళ్ళ అమెరికన్ కుర్రాడు యాభై దాటిన వాళ్ళమ్మ చేత పరుగు మొదలుపెట్టించాలని తొమ్మిది వారాల ప్రణాళిక ఒకటి రాశాడు. 'కౌచ్ టు 5కె', అంటే సోఫా మీంచి లేచి అయిదు కిలోమీటర్ల పరుగు దాకా అని, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నది అదే. మొదటి వారం ఏముంటుందంటే, ముందు అయిదు నిమిషాలు చకచకా నడక. ఆ తర్వాత 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక, మళ్ళీ పరుగు, మళ్ళీ నడక, మొత్తం 20 నిమిషాలు. వారానికి మూడు రోజులే. అరవై సెకన్లా అని తీసిపారేయకండి. ఆ ఇరవై నిమిషాల్లో ఎనిమిది సార్లు పరిగెడతారు. అంటే ఎనిమిది నిమిషాల పరుగు, అదీ రొప్పకుండా. నెల రోజులుగా మీకు దొరకనిది అదే కదా.

ఈ ప్రణాళికతో నాకు ఒక పేచీ ఉంది. తొమ్మిది వారాలు చాలా తక్కువ. అయిదో వారం మూడో రోజున నడక లేకుండా ఏకబిగిన 20 నిమిషాలు పరిగెత్తమంటుంది. అది చదివి భయమేసి నేను నాలుగో వారాన్నే మూడుసార్లు చేశాను. చివరిదైన 30 నిమిషాల పరుగుకి చేరేసరికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఎవరూ వచ్చి అడగలేదు. మీరూ ఏ వారం కష్టమనిపిస్తే ఆ వారాన్ని మళ్ళీ చేయండి. మధ్యలో నడవడం ఓడిపోవడం కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పది వేల మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాల్లోవే అంతటివాడు, కొత్తవాళ్ళకి కొంత పరుగు, కొంత నడక అనే పద్ధతినే నేర్పాడు.

ఇప్పుడు మీ కాళ్ళ సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. ఎముకలు, వాటికి కండరాలను కట్టి ఉంచే నరంలాంటి పట్టీలు గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచేస్తాం. కాళ్ళేమో ఇంకా మొదటివారంలోనే ఉంటాయి. మీ విషయంలో రోజూ వెళ్ళడం, వేగంగా వెళ్ళడం, బహుశా నడకకి వాడిన బూట్లతోనే పరిగెత్తడం, మూడూ కలిశాయి. ఎముక పొడవునా, రెండు కాళ్ళకీ, నొక్కితే చాలా మేర సలుపుతోందంటే దాన్ని షిన్ స్ప్లింట్స్ అంటారు. కొత్తగా పరిగెత్తేవాళ్ళలో చాలా మామూలు. రెండు వారాలు పరుగు ఆపండి. నొప్పి లేనంతవరకూ నడవొచ్చు. సాయంత్రం పది పదిహేను నిమిషాలు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి.

అలా కాకుండా ఒక్కచోట, వేలి కొసతో చూపించగలిగినంత చోట నొప్పి ఉంటే, కూర్చున్నా, రాత్రి పడుకున్నా తెలుస్తుంటే, ఐసులతో కాలక్షేపం చేయకండి. ఎముకకి సన్నటి పగులు వచ్చి ఉండొచ్చు. ఎముకల డాక్టరుకి చూపించాలి. మొదట్లో అది మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. కాబట్టి ఎక్స్‌రే బాగుందని మళ్ళీ పరుగుకి దిగకుండా, నొప్పి ఎలా ఉంటోందో డాక్టరుకి విడమరిచి చెప్పండి.

నొప్పి తగ్గాక మళ్ళీ మొదలుపెట్టినప్పుడు సిమెంటు రోడ్డు కాదు, గ్రౌండ్‌లో మట్టి మీదే. అంగలు పెద్దవి వేయకండి. పాదం మీ ఒంటి కిందే పడాలి, ముందుకి చాపి మడమతో గుద్దకూడదు. పొట్టి పొట్టి అడుగులు, చప్పుడు లేకుండా. పొద్దున్న పొయ్యి మీద పాలు పెట్టి గట్టు పట్టుకుని నిలబడతారుగా, అప్పుడు మునివేళ్ళ మీద లేచి మెల్లగా దిగండి. పదిహేను సార్లు. కాసేపాగి మరో పదిహేను. పాలు పొంగేలోపు అయిపోతుంది. పిక్కలు గట్టిపడితే ముందు ఎముక మీద భారం తగ్గుతుంది.

పరుగు మళ్ళీ మొదలుపెట్టే ముందు డాక్టరు దగ్గర ఒకసారి బీపీ, షుగర్ చూపించుకోండి. వాటితోపాటు హిమోగ్లోబిన్ కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రాష్ట్రం అంతకంటే ఏమీ మెరుగ్గా లేదు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే ఎంత మెల్లగా వెళ్ళినా ఆయాసం రావచ్చు, మీరేమో బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. పరిగెడుతుండగా ఛాతీలో బిగుతుగా అనిపించినా, కళ్ళు తిరిగినా అక్కడితో ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. దాంట్లో పట్టుదలలు వద్దు.

మీ అత్తయ్య గారి భయం గురించి. పెద్దావిడ మాట కొట్టిపారేయకండి గానీ, 2017లో లక్ష మందికి పైగా వివరాలు కలిపి చూసిన ఒక సమీక్ష వచ్చింది. సరదాగా, ఆరోగ్యం కోసం పరిగెత్తేవాళ్ళలో మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందికి ఉంటే, అసలు పరిగెత్తకుండా కూర్చునేవాళ్ళలో అది 10 శాతానికి పైనే. పోటీల కోసం పరిగెత్తేవాళ్ళలో 13 శాతం దాటింది. నొప్పులున్నవాళ్ళు ముందే పరుగు మానేసి ఉంటారు కాబట్టి, పరుగే కీళ్ళని కాపాడిందని దీన్నిబట్టి చెప్పలేం. అరగదీస్తుందని మాత్రం అనలేం. మీకు పాత మోకాలి దెబ్బ ఏదైనా ఉంటే అది వేరే కథ, డాక్టర్ని అడిగి దిగండి. ఈ అంకెలు అత్తయ్య గారికి ఏకరువు పెట్టక్కర్లేదు. ఒక ఆదివారం ఆవిడని గ్రౌండ్‌కి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టండి. మీ వేగం చూస్తే ఆవిడకే ధైర్యం వస్తుంది.

పక్కింటివాళ్ళు ఎవరు తరుముతున్నారని అడిగితే "షుగరండీ" అనండి. రెండోసారి అడగరు.

గ్రౌండ్‌లో కుర్రాళ్ళ సంగతి వేరు. వాళ్ళలో చాలామంది పోలీసు, ఆర్మీ సెలక్షన్లకి తయారయ్యేవాళ్ళు. 1600 మీటర్లు ఇన్ని నిమిషాల్లో అయితేనే ఉద్యోగం. వాళ్ళని సెకన్లు తరుముతున్నాయి. మీకు వాళ్ళతో ఏ పోటీ లేదు. లోపలి వరస వాళ్ళకి వదిలేసి మీరు బయటి అంచున వెళ్ళండి. నాలుగు వారాలు క్రమం తప్పకుండా కనిపిస్తే, ఆ కుర్రాళ్ళే "గుడ్ మార్నింగ్ మేడమ్" అనడం మొదలుపెడతారు. ఆ పలకరింపు మీకు కొండంత బలం.

బూట్లు సాయంత్రం పూట కొనండి. పాదాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు ఓ వేలెడు ఖాళీ ఉండాలి. ఖరీదైనవే కావాలని లేదు, వేసుకుని షాపులోనే నాలుగడుగులు పరిగెత్తి చూడండి, సేల్స్‌మాన్ నవ్వినా సరే. ఆడవాళ్ళకి బూట్లకంటే ముందు కావాల్సింది మంచి స్పోర్ట్స్ బ్రా. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పక మూడు నెలలు అవస్థపడ్డాను, అందుకే మీకు చెప్తున్నాను. కాటన్ చుడీదారు చెమటకి బరువెక్కి తొడల దగ్గర, చంకల దగ్గర ఒరుసుకుంటుంది. త్వరగా ఆరే గుడ్డ మంచిది. ఒరుసుకునే చోట ముందే కాస్త కొబ్బరి నూనె రాసుకోండి.

గోదావరి ఒడ్డున ఉక్కపోత మీకు నేను చెప్పాలా? గాలిలో తేమ ఉన్నప్పుడు చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అలాంటి రోజున నిన్నటికంటే వెనకబడ్డాను అనుకోకండి. ఊపిరి పద్యంలో ఒక పాదానికి సరిపోతే చాలు. రోహిణి కార్తెలో అయితే తెల్లారకముందే ముగించాలి, లేదంటే నడకతో సరిపెట్టాలి. వచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఒక గ్లాసు. చీకట్లో వీధి కుక్కలు వెంటపడితే పరుగు ఆపేయండి. పరిగెత్తేకొద్దీ అవి తరుముతాయి. నిలబడి, కళ్ళలోకి చూడకుండా, మెల్లగా పక్కకి తప్పుకోండి. ఖర్మకాలి కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి, అదే రోజు వ్యాక్సిన్‌కి వెళ్ళాలి.

10కె? వద్దు. మీ స్నేహితురాలికి నేను వద్దన్నానని చెప్పండి, తప్పు నా మీద వేసేయండి. కాళ్ళ నొప్పితో ఉన్న మనిషి రెండు నెలల్లో పది కిలోమీటర్లకి తయారవడం కుదరదు. తయారైనా ఆ పరుగు తర్వాత ఆర్నెల్లు బూట్ల వంక చూడరు. మీకు అంతగా సరదా ఉంటే విశాఖలో చలికాలం మొదట్లో జరిగే నేవీ మారథాన్‌లో 5 కిలోమీటర్ల విభాగం ఉంటుంది. దానికి రండి. మధ్యలో నడిచినా ఎవరూ ఏమీ అనరు, నేనూ నడుస్తాను.

ఇంతకీ దీనివల్ల ఏం వస్తుంది అని మీరు అడగలేదు గానీ, ఒక భ్రమ ముందే తీసేస్తాను. బరువు పెద్దగా తగ్గదు. 65 కిలోల మనిషి ఒక కిలోమీటరు పరిగెడితే ఖర్చయ్యేది సుమారు 65 క్యాలరీలు. మూడు కిలోమీటర్లు పరిగెత్తి ఇంటికొచ్చి, పరిగెత్తానుగా అని రెండు ఆత్రేయపురం పూతరేకులు లాగిస్తే చెల్లుకి చెల్లు. కాటా ఎక్కి దిగి నిరాశపడేవాళ్ళని చాలామందిని చూశాను. షుగర్ విషయంలో మాత్రం లాభం నిజం. కండరాలు పనిచేసేటప్పుడు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే రక్తంలోని చక్కెరని లాక్కుంటాయి. ఆ మేలు పరుగు ఆగాక కూడా ఒకటి రెండు రోజులు ఉంటుంది. వారానికి మూడు రోజులు, మధ్యలో రెండు రోజులకి మించి ఖాళీ వద్దు అనేది అందుకే. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బిఎ1సి) ఉంటుంది కదా, అది ఇప్పుడొకటి, నాలుగు నెలలాగి ఒకటి చేయించండి. కాటా కంటే అదే నిజం చెప్తుంది.

మిగతావి చిన్నచిన్నవి. మీరు ఓ రోజు నోటు పుస్తకాల కట్టతో మెట్లెక్కి క్లాసులోకి వెళ్ళి, ఆగకుండా హాజరు పిలవడం మొదలుపెడతారు. మధ్యలో తట్టుతుంది, ఇదివరకు బల్ల దగ్గర ఒక్క క్షణం నిలబడేదాన్ని కదా అని. రాత్రి పడుకోగానే నిద్ర పడుతుంది. ఇంట్లో అందరి టిఫిన్లు, బాక్సులు, యూనిఫాంల మధ్య ఎవరూ పిలవని అరగంట మీకంటూ ఉంటుంది. నా మట్టుకు నాకు ఈ చివరిదే పెద్దది. మా ఆయన మొదట్లో ఆ టైంకి ఫోన్ చేసి ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుందో అడిగేవారు. ఇప్పుడు ఆయనకే తెలుసు.

ఎప్పుడైనా ఆదివారం గ్రౌండ్ మానేసి గోదావరి గట్టుకి వెళ్ళండి. పుష్కర ఘాట్ దగ్గర, ఎండ రాకముందు. అవతల 1900 నాటి హేవలాక్ బ్రిడ్జి ఉంది, 1997 నుంచి దానిమీద రైళ్ళు లేవు. పక్కనున్న ఆర్చి బ్రిడ్జి మీద మాత్రం పొద్దున్నే రైళ్ళు వస్తూనే ఉంటాయి. రైలు వంతెన ఎక్కినప్పుడు మీరూ బయల్దేరండి. అది అవతలి ఒడ్డు చేరేదాకా మెల్లగా పరుగు, నడక, మళ్ళీ పరుగు. మీ మొదటి వారం పరుగులు ఒకటో రెండో అందులోనే అయిపోతాయి. కిటికీల్లోంచి నదిలో చిల్లర వేసేవాళ్ళు మీ వంక చూడరు.

ముందు రెండు వారాలు నడక, ఐసు, పాల గిన్నె దగ్గర మునివేళ్ళు. ఆ తర్వాత వచ్చే సోమవారం 60 సెకన్లు. ఏ పద్యం ఎంచుకున్నారో, ఎన్నో పాదం దగ్గర ఊపిరి తెగిందో రాయండి.